వెనక తలుపు దగ్గరి రూటరు

మా తమ్ముణ్ణి వీధిలో అందరూ ‘మూడు నిమిషాలు’ అనేవారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఏడిసింది కానీ అది వాడి ఓటరు కార్డు దాటి బయటికి రాలేదు. ఎవరైనా పాత వైఫై రూటరు తెచ్చి బల్ల మీద పెడితే, దానికి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తూ, “మూడు నిమిషాలండీ. ప్లగ్గు ముట్టుకోవద్దు, బల్ల కదపొద్దు. ఊపిరి పీల్చుకోవచ్చు, దానికేం ఇబ్బంది లేదు” అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. వాడు నవ్వేవాడు కాదు. ఆ మూడు నిమిషాల్లో కరెంటు పోతే రూటరు చచ్చి ఊరుకుంటుంది మరి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటో నాకు వాడే చెప్పాడు. ప్రతి రూటరు కడుపులోనూ దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుందట. చవకరకం వాటికి కంపెనీవాళ్ళు మొక్కుబడిగా ఏదో రాసి పడేసి, రెండేళ్ళు తిరిగేసరికి దాని మొహం చూడటం మానేస్తారట. అప్పట్నుంచి అది మూలగడం మొదలుపెడుతుంది. గంటకోసారి ఆగిపోతుంది, పక్కగదిలోకి కూడా సిగ్నలు రాదు. ఎక్కడెక్కడివాళ్ళో ఖాళీ వేళల్లో కూర్చుని, ఎవరైనా వాడుకోండర్రా అని ఉచితంగా రాసిపెట్టిన ఫర్మ్‌వేర్ వేరే ఉంది. కంపెనీది తీసేసి దాన్ని ఎక్కించడమే మావాడి పని. పారేద్దామనుకున్న రూటరు మళ్ళీ నాలుగేళ్ళు పనిచేసేది.

మొదట్లో వాడు ఇంటర్నెట్ కేబుళ్ళు లాగేవాడు. గోడలెక్కడం, డాబాలెక్కడం, స్తంభాలెక్కడం. ఒకరోజు నిచ్చెన జారి రెండో అంతస్తు నుంచి పడ్డాడు. ఎడమ తుంటి అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. నేను అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకుని ఇల్లు చేరి ఉన్నాను. ఒకరికి కాలు లేదు, ఒకరికి తోడు లేదు, ఇద్దరికీ కలిపి వీధివైపు ఒక గదీ లోపల ఒక గదీ ఉన్నాయి. వీధివైపు గదిలో బల్ల వేశాం. కౌంటరు నాది, బల్ల వాడిది.

మొదటిసారి ఫర్మ్‌వేర్ ఎక్కించింది మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క రూటరు మీద. దాన్ని చంపాడు. రూటరు అడుగున ఒక స్టిక్కరు ఉంటుంది, అందులో చీమతలకాయంత అక్షరాల్లో అది ఎన్నో రకమో రాసి ఉంటుంది. పైకి చూస్తే మొదటి రకమూ రెండో రకమూ కవల పిల్లలే. లోపల చిప్పులు వేరు. మావాడు ఒకదానిది ఇంకోదానికి ఎక్కించాడు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. నేనూరుకుంటానా? “ఉన్నదాన్ని కూడా ఊడబెరికావు కదరా, ఇప్పుడేం చేస్తావు, దాన్ని పట్టుకుని దుకాణం ముందు కూర్చుని ఏడుస్తావా?” అని అరిచాను. వాడు ఏడవలేదు. మూత విప్పి, వెంట్రుకల్లాంటి మూడు తీగలు అతికించి, పది రోజులు దాంతో గుసగుసలాడి బతికించాడు. ఆ పది రోజుల్లో నేర్చుకున్నదే మాకు ఏళ్ళ తరబడి అన్నం పెట్టింది. ఇంకోటి కూడా నేర్చుకున్నాడు. ఏ రూటరు ముట్టుకున్నా ముందు దాని కడుపులో ఉన్నదంతా నకలు తీసుకోవాలి, ఆ తరవాతే పని. నకలు తియ్యకుండా వాడు ఒక్క మర కూడా విప్పడం నేను చూడలేదు.

నేను కూడా నేర్చుకున్నాను. చదువు ఎనిమిదితో ఆగిపోయినా చెయ్యి తిరిగింది. వాడు భోజనానికి లేస్తే నేను ఎక్కించేదాన్ని. “మీ అక్క చేత చేయించావేంటయ్యా?” అని ఎవరైనా గొణిగితే, “నాకంటే ఆవిడ చెయ్యే మంచిది, ప్లగ్గు జోలికి ఎవరైనా వస్తే కరుస్తుంది” అనేవాడు.

ఇక చెప్పకూడనిదొకటి చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ.

రూటరు తన డైరీ తాను రాసుకుంటుంది. ఎవరి ఫోను ఎన్నింటికి దానికి తగులుకుంది, ఎన్నింటికి వదిలింది, అన్నీ. ప్లగ్గు తీస్తే ఆ డైరీ పోతుంది. మావాడు ఏం చేసేవాడంటే, తాను ఫర్మ్‌వేర్ ఎక్కించిన ప్రతి రూటరుకీ, ఆ డైరీని ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో మా దుకాణంలోని పాత కంప్యూటరుకి పంపమని చెప్పి పెట్టేవాడు. ఇంటివాళ్ళకి ఆ ముక్క చెప్పేవాడు కాదు. వాడి మనసులో కుళ్ళేమీ లేదు. ఎక్కడైనా రూటరు మూలుగుతుంటే వాళ్ళు ఫోను చెయ్యకముందే తెలుసుకుని, కుంటికాలుతో మెట్లెక్కే అవసరం లేకుండా ఇక్కణ్ణించే బాగుచేసేవాడు. “మూడు నిమిషాలకి మంత్రాలు వచ్చురా” అనుకునేవారు జనం. అలా రెండువందల పైచిలుకు ఇళ్ళ డైరీలు మా కంప్యూటర్లో ఉండేవి. వాడు వాటిని చదివేవాడు కాదు. నిజం చెప్పొద్దూ, నేను చదివేదాన్ని. ఎదురింటి పెద్దమనిషి ఫోను మధ్యాహ్నం పూట ఏ ఇంట్లో కునుకు తీస్తోందో నాకు తెలుసు. తెలిసి, ఆయన కౌంటరు దగ్గరికి వచ్చి నీతులు చెబుతుంటే లోలోపల నవ్వుకునేదాన్ని.

బజారు చివర రెడీమేడ్ బట్టలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దే గోడౌను ఒకటి ఉండేది. పొడవాటి షెడ్డు, ముందొక తలుపు, వెనకొక తలుపు. ఆఫీసు గదిలోని రూటరు సిగ్నలు వెనక దాకా అందేది కాదు. మావాడు ఒక చవక రూటరుకి తన ఫర్మ్‌వేర్ ఎక్కించి, వెనక తలుపు పక్కన మేకుకి తగిలించి వచ్చాడు. దాని సిగ్నలు ఆ మూల దాటి పోయేది కాదు. పని అయ్యాక అక్కడి వాచ్‌మన్ ఫోనుతోనే పరీక్ష చేశాడు. ఆయన స్టూలు ఆ తలుపు బయటే, ఆయన పాటలు వినేదీ అక్కడే. డైరీలో ఆ ఫోనుకి ‘వెనక వాచ్‌మన్’ అని పేరు కూడా పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రెండింటికి ఆ గోడౌను తగలబడింది. ముందువైపు అంటుకుంది. వెనక్కి పరిగెత్తినవాళ్ళకి వెనక తలుపు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ ఒక కిటికీ ఊచలు ఇనపగొట్టంతో వంచి నలుగుర్ని బయటికి లాగాడు. ఇద్దరు ఆడవాళ్ళు మిగిలిపోయారు. ఒకావిడ మా కౌంటరుకి వచ్చి ఫోను రీచార్జి చేయించుకునే మనిషే. వచ్చినప్పుడల్లా నన్ను “వదినా” అని పిలిచేది.

తాళం సంగతి వచ్చేసరికి యజమాని ఒకటే మాట పట్టుకున్నాడు. వాచ్‌మన్ ఒంటిగంటకి తలుపుకి తాళం వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని, పక్కవీధిలో ఉన్న ఇంటికి భోజనానికి పోయాడు, మంటలు చూసి పరిగెత్తుకొచ్చాడు, చావులకి వాడే బాధ్యుడు అని. వాచ్‌మన్ మాట వేరు. తాళం వేయించింది యజమాని, సరుకు పోతోందని అనుమానం, చెవి ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటుంది, నేను ఆ స్టూలు మీంచి లేవనే లేదు అన్నాడు. కెమెరాలు ఆ వారం పనిచెయ్యలేదట. ఆఫీసు గుమాస్తాలు ముగ్గురూ యజమాని వైపే చెప్పారు. అన్నం పెట్టే చెయ్యి కదా. వాచ్‌మన్‌ని జైల్లో పెట్టారు.

దాదాపు రెండు నెలలు గడిచాక వాచ్‌మన్ భార్య మా దుకాణానికి వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచీ, వెనక ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల. వచ్చి కౌంటరు దగ్గర నించుంది.

“ఏం కావాలమ్మా?” అన్నాను.

“రూటరు పెట్టినాయన ఉన్నారా అక్కా? మా ఆయన జైల్లోంచి చెప్పాడు. ఆ వేళంతా ఫోనులో పాటలు మోగుతూనే ఉన్నాయి, నేనక్కడే ఉన్నట్టు ఆ పెట్టెకి తెలుసు, పెట్టినాయన్ని అడుగు అని. పెట్టె కాలిపోయిందిగా అంటే, అయినా అడుగు అన్నాడు.”

మావాడు బల్ల దగ్గర్నించి లేచాడు. నేను కళ్ళతో వద్దన్నాను. వాడు నా కళ్ళవైపు చూస్తేగా. కంప్యూటరు ముందు కూర్చుని ఆ రోజు డైరీ తీశాడు. నేనూ వెనక నించుని చూశాను. ‘వెనక వాచ్‌మన్’ పొద్దున్న తొమ్మిదింటి నుంచి తగులుకునే ఉంది. ఒంటిగంటకి ఉంది. ఒంటిగంటన్నరకి ఉంది. రెండూ ఇరవై ఆరుకి రూటరే మాట్లాడటం మానేసింది. అప్పటికి అది కాలిపోయి ఉంటుంది. అప్పటిదాకా ఆ ఫోను ఒక్క నిమిషం కూడా వదల్లేదు.

“ఉందమ్మా. మీ ఆయన అక్కడే ఉన్నాడు. మీ లాయరుని తీసుకురండి” అన్నాడు.

ఆ మనిషి కింద కూర్చుండిపోయింది. పిల్ల భయపడి తల్లి భుజం పట్టుకుంది. నేను మంచినీళ్ళిచ్చాను. ఇచ్చాను కానీ నా లోపల అప్పటికే అగ్గి రాజుకుంది.

మావాడు అక్కణ్ణించే లాయరుకి ఫోను చేశాడు. ఆయన పెద్దవయసు మనిషి, గట్టిగా చెప్పాడు. “దేన్నీ ముట్టుకోకండి. నకళ్ళు, ఫోటోలు తియ్యకండి, తీస్తే మీరే కల్పించారంటారు. రేపు పదకొండింటికి సాక్షులతో వచ్చి కంప్యూటరే సీలు వేయిస్తాను.” సరేనన్నాడు మావాడు. అన్నిటికీ ముందు నకలు తీసే మనిషి, ఆ ఒక్కదానికి తియ్యలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను మొదలుపెట్టాను.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? ఆ యజమాని ఊరుకుంటాడా? ఆయన సంగతి అలా ఉంచు. రెండువందల ఇళ్ళ గుట్టు నీ దగ్గరుందని కోర్టులో చెబుతావు. మర్నాడు ఆ రెండువందల ఇళ్ళవాళ్ళూ వచ్చి ఈ బల్లని నీ నెత్తినేసి కొడతారు. మా ఆడవాళ్ళు ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్ళారో నీకెందుకురా అంటే ఏం చెబుతావు? మంచికోసమే అంటావా? ఎవడు నమ్ముతాడు?”

“కొట్టనీ అక్కా. తప్పేగా నేను చేసింది.”

“కొట్టాక ఎలా బతుకుతాం? నువ్వు మళ్ళీ స్తంభాలెక్కుతావా?”

వాడు “ఆయన నలుగుర్ని లాగాడక్కా” అన్నాడు. అంతే. వాడితో ఎప్పుడూ ఇంతే, నేను నూరు మాటలంటే వాడు ఒకటంటాడు, ఆ ఒకటే నాకు రోజంతా గుచ్చుకుంటుంది.

మర్నాడు పదిన్నరకి లాయరుకి దారి చూపించడానికి వాడు మెయిన్‌రోడ్డు దాకా వెళ్ళాడు. వీధిలో వాడి కుంటినడక చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను. కంప్యూటరు ముందు కూర్చున్నాను. నేను ఏమీ చెరపలేదు. చెరిపితే వాడు కనిపెడతాడు. డైరీలు ఎన్ని రోజులవి దాచాలో చెప్పే గడి ఒకటుంటుంది. అందులో తొంభై అని ఉంది. తొంభై తీసేసి ముప్పై అని కొట్టి, సరే నొక్కాను. ముప్పై రోజులకి ముందున్నదంతా కంప్యూటరే పారేసుకుంది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పుడు నేనేమనుకున్నానో చెబుతాను, దాచి ఏం చేసుకుంటాను. వాచ్‌మన్‌కి లాయరున్నాడు, బతికి బయటపడ్డ నలుగురున్నారు, ఎలాగోలా బయటికొస్తాడు, మాకు మాత్రం ఈ బల్ల తప్ప దిక్కులేదు, అనుకున్నాను. గట్టిగా అనుకుని, లేచి టీ పెట్టాను.

లాయరు వచ్చాడు, ఇద్దరు సాక్షులు వచ్చారు, వాచ్‌మన్ భార్య వచ్చింది. పిల్లకి తల దువ్వి, ఉతికిన గౌను వేసి తీసుకొచ్చింది. మావాడు కంప్యూటరు ముందు కూర్చుని ఆ తేదీ కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. గడి తెరిచి చూశాడు. ముప్పై.

“నేను తొంభై పెట్టాననుకున్నాను” అన్నాడు.

“నిన్న చూశావుగా అన్నయ్యా?” అంది ఆవిడ.

“చూశానమ్మా. నిన్న తెరిచినప్పుడు ఏదో నొక్కి ఉంటాను. ఇన్నాళ్ళూ ఆగిపోయి ఉన్న పాతవి పారేసే పని నా చేతే మొదలై ఉంటుంది.”

ఆ గడి ఎప్పుడు మారిందో తేదీ, గంట, నిమిషం సహా చూపించే చోటు కూడా ఆ కంప్యూటర్లో ఉంది. వాడికి తెలియని చోటు కాదు. చూడలేదు. అక్కని అనుమానించడం వాడికి చేతకాదు. లాయరు కంప్యూటరు తీసుకెళ్ళి ఎవరికో చూపించాడు. పాతది తీయడం కుదరదన్నారట, నిమిషం నిమిషం రెండువందల ఇళ్ళ డైరీ దాని మీద పడుతూనే ఉంది, కింద ఏముందో అంతా తుడిచిపెట్టుకుపోయిందని.

ఇక ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. కాయితం ముక్క లేకుండా కోర్టుకి వెళ్ళి, నా కళ్ళతో చూశాను, రెండూ ఇరవై ఆరు దాకా ఆ ఫోను అక్కడే ఉంది అని చెప్పాడు. యజమాని లాయరు నవ్వాడు. “అంటే మీరు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలోకి దొంగచాటుగా తొంగిచూస్తారు, చూసింది మాత్రం చూపించలేరు. అంతేనా?” అన్నాడు. “అంతేనండీ” అన్నాడు మావాడు. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాను. కళ్ళతో చూసినవాళ్ళం ఇద్దరం. నేను లేవలేదు.

ఆ సాయంత్రానికే వీధంతా తెలిసిపోయింది. నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది, ఒక్కటీ తగ్గకుండా. ఒక్కొక్కరూ వచ్చి రూటర్లు విసిరేసి పోయారు. గుమ్మంలో నల్లపెట్టెలు గుట్ట పడ్డాయి. ఎదురింటి పెద్దమనిషి అందరికంటే ఎక్కువ అరిచి, మావాడి చెంప మీద ఒకటి కొట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. అలా అనుకున్నానే కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. మావాడు మెడ వంచుకుని కొట్టించుకున్నాడు. బల్ల ఖాళీ అయింది. రీచార్జీలు, ఫోను కవర్లు మిగిలాయి. దుకాణం కాపాడుకోవడానికి వాచ్‌మన్ని అమ్మేశాను, దుకాణమూ దక్కలేదు.

బయటపడ్డ నలుగురూ లోపల పనిలో ఉన్నవాళ్ళు, మంటలకి ముందు ఆయన ఎక్కడున్నాడో తెలియదన్నారట. వాచ్‌మన్‌కి ఏడేళ్ళు వేశారు. కిటికీ ఊచలు వంచినమాట నిజమే కానీ, అది చేసిన తప్పుకి భయపడి చేసిన పని అన్నారట.

తీర్పు వచ్చిన వారానికి వాచ్‌మన్ భార్య మళ్ళీ వచ్చింది. ఇల్లు ఖాళీ చేసి ఆ వీధి వదిలి వెళ్ళిపోతున్నారట, పిల్లని స్కూల్లో రోజూ ఏడిపిస్తున్నారట. మా ఇద్దరికీ చెప్పి వెళదామని వచ్చింది. “మావైపు నించుని మాట్లాడింది మీరొక్కరే అన్నయ్యా. మా ఆయన కూడా చెప్పమన్నాడు” అంది.

మావాడు ఆవిడ మొహంలోకి చూడలేక నావైపు తిరిగాడు. “నన్ను మెచ్చుకోకమ్మా. నాకింకా అర్థం కావడం లేదు. తొంభై పెట్టానని నాకు గట్టి నమ్మకం. కౌంటర్లో రోజూ ఆ కంప్యూటరు చూసేది మా అక్కే. అక్కా, నువ్వు చెప్పు. నేనెంత పెట్టాను?”

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. పిల్ల కూడా చూస్తోంది. చెప్పాల్సింది నాలుకమీదే ఉంది. ఒక్క అంకె.

“ముప్పయ్యేరా” అన్నాను. “మొదట్నించీ ముప్పయ్యే.”

వాడు తల ఊపాడు. పడ్డప్పుడు తలకి కూడా దెబ్బ తగిలిందేమోలే అని గొణుక్కున్నాడు. అయితే నేనేనన్నమాట, అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరగడం తుంటి విరిగినప్పుడు కూడా నేను చూడలేదు.

వాచ్‌మన్ భార్య చేతిలో సంచీ కింద పెట్టి, వాడి దగ్గరికి వెళ్ళింది. “ఊరుకో అన్నయ్యా. కావాలని ఎవరైనా చేస్తారా?” అంది.